బడిలో టెక్నాలజీకి ప్లాన్ రాసుకోవడం ఎలా? వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టాల్సిన పని

నేను తెలంగాణలోని వరంగల్ జిల్లా నర్సంపేట డివిజన్‌లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతిక శాస్త్రం చెబుతాను. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు వెళ్లినప్పుడల్లా తోటి టీచర్లు నన్ను అడిగేది ఒకటే. "ప్యానెల్స్ వచ్చాయి, కంప్యూటర్లున్నాయి, టీశాట్ ఉంది, దీక్ష యాప్ ఉంది. వీటన్నిటినీ ఏడాది పొడవునా ఎట్లా వాడాలి?" ప్యానెల్ అంటే తరగతి గదిలో పెట్టే పెద్ద టచ్ స్క్రీన్, టీశాట్ అంటే పాఠాలు ప్రసారం చేసే ప్రభుత్వ చానెల్, దీక్ష అంటే పాఠాల యాప్. నాకు తెలిసిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. దీనికి పెద్ద ప్రాజెక్టు రిపోర్టు అక్కర్లేదు. ఒక లాంగ్ నోట్‌బుక్, బడిలో ఉన్న టీచర్లందరూ కూర్చునే రెండు మధ్యాహ్నాలు చాలు. జూన్ 12న బడి తెరిచేసరికి ప్లాన్ చేతిలో ఉండాలి. తెరిచాక అడ్మిషన్లు, పుస్తకాలు, యూనిఫాంలు, ఆన్‌లైన్ ఎంట్రీల హడావుడిలో ఇక కుదరదు.

ఒక్క విషయం ముందే చెబుతాను, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. మన దగ్గర ఏ వస్తువు ఉందో దాంతో ప్లాన్ మొదలుపెట్టకండి. పిల్లలు ఏ పాఠంలో ఆగిపోతున్నారో అక్కడ మొదలుపెట్టండి. పెరూ దేశంలో పిల్లలకు పది లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు పంచారు. పాఠం చెప్పే తీరులో వాటికి చోటు కల్పించకపోవడంతో చదువులు మెరుగుపడలేదని యునెస్కో 2023లో ఇచ్చిన ప్రపంచ విద్యా నివేదిక చెప్పింది. అంత దూరం ఎందుకు, మన మండలాల్లోనే వచ్చిన నాటి ప్లాస్టిక్ కవర్ ఇంకా తీయని మానిటర్లు ఎన్ని గదుల్లో ఉన్నాయో మనకు తెలుసు. అది టీచర్ల బద్ధకం అని నేను ఒప్పుకోను. ఏ పాఠానికి, ఏ పీరియడ్‌లో, ఎవరు వాడాలో ఎవరూ రాసిపెట్టలేదు, అంతే.

ముందు పాఠాల జాబితా

పోయిన ఏడాది ఎస్‌ఏ (టర్మ్ చివరి పరీక్షల) జవాబు పత్రాలు బీరువాలో ఉంటాయి. ఒక్కో సబ్జెక్టు టీచర్ ఒక్కో తరగతివి ఓ ఇరవై పేపర్లు తీయండి. బాగా చదివేవాళ్లవి, నడిమి వాళ్లవి, వెనకబడ్డ వాళ్లవి కలిపి తీయాలి. మార్కులు చూడొద్దు. ఏ ప్రశ్నను ఎక్కువమంది వదిలేశారు, ఏ ప్రశ్నకు బట్టీ పట్టిన వాక్యం రాసి బొమ్మ తప్పు గీశారు, అది చూడండి. సబ్జెక్టుకు ఐదారు పాఠ్యాంశాలు వాటంతట అవే బయటపడతాయి.

ఇప్పుడు ఒక్కో పాఠ్యాంశం ముందు కూర్చుని ఒక ప్రశ్న వేసుకోండి. ఈ పిల్లకు ఇది అర్థం కావాలంటే కదిలే బొమ్మను కంటితో చూడాలా, చెవితో వినాలా, చేత్తో చేయాలా, లేక అదే లెక్క మళ్లీ మళ్లీ చేయాలా? కంటితో చూడాల్సింది అయితే ప్యానెల్ లేదా ప్రొజెక్టర్. చెవితో వినాల్సింది అయితే ఒక మంచి స్పీకర్ చాలు. మళ్లీ మళ్లీ చేయాల్సింది అయితే కంప్యూటర్ గది. చేత్తో చేయాల్సింది అయితే స్క్రీన్ అవసరం లేదు, ల్యాబ్ బీరువా తాళం తీయండి. లిట్మస్ కాగితం రంగు మారడాన్ని వీడియోలో చూపించడం ఎందుకు? నిమ్మకాయ వంటగదిలోనే ఉంటుంది.

వినడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని అందరూ తక్కువ చేసి చూస్తారు. 2022-23 నుంచి మన బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. మా దగ్గర ఆరో తరగతిలోకి తండాల నుంచి వచ్చే పిల్లలకు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. వాళ్లకు వాక్యం అర్థం కావడం తర్వాతి సంగతి, ముందు అది చెవిన పడాలి. మా ఇంగ్లిష్ మేడం రీడింగ్ పాఠాలను నిదానంగా చదివి తన గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసింది. వారానికి మూడు రోజులు, పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు స్పీకర్‌లో అది పెడుతుంది. పిల్లలు పుస్తకంలో వేలు పెట్టి అక్షరాల వెంట నడుస్తారు. నెట్ అక్కర్లేదు, కరెంటు పోయినా ఆగదు. మా బడిలో ఉన్న పరికరాలన్నిటిలో పెట్టిన డబ్బుకు ఎక్కువ పని చేస్తున్నది ఆ స్పీకరే అని నా అభిప్రాయం.

టర్మ్‌కు సబ్జెక్టుకు నాలుగైదు పాఠాలకు మించి జాబితాలో పెట్టుకోవద్దు. అన్నీ పెట్టుకుంటే ఏదీ సరిగ్గా జరగదు.

ఒక పీరియడ్ ఎలా ఉంటుందో చూడండి

పదో తరగతిలో వక్రతలాల వద్ద కాంతి వక్రీభవనం పాఠం ఉంది కదా. కుంభాకార కటకం ముందు వస్తువును ఎక్కడ పెడితే ప్రతిబింబం ఎక్కడ వస్తుందో కిరణ చిత్రాలు గీయాలి. పిల్లలు ఆరు బొమ్మలనూ బట్టీ పడతారు, పరీక్షలో వస్తువు నాభికి (దూరం నుంచి వచ్చిన కిరణాలు కలిసే చోటుకు) లోపల ఉన్న బొమ్మ దగ్గర తికమక పడతారు. నేను దీనికి ఇలా రాసుకుంటాను.

మొదటి పదిహేను నిమిషాలు ప్యానెల్ ఆన్ చేయను. తలుపు ఒకటి మూసి, కిటికీకి ఎదురుగోడ దగ్గర కటకం పట్టుకుంటే బయటి వేపచెట్టు తలకిందులుగా గోడ మీద పడుతుంది. కటకానికీ గోడకూ మధ్య దూరాన్ని ఒక అమ్మాయి స్కేలుతో కొలుస్తుంది. ఆ దూరమే దాదాపు నాభ్యంతరం. తర్వాత కొవ్వొత్తి పెట్టి దగ్గరకు జరుపుతూ వస్తాం. ఒకచోటి నుంచి ఎంత జరిపినా తెర మీద బొమ్మ దొరకదు. "బొమ్మ ఎటు పోయింది?" అని అడిగి, ఎవరికి తోచింది వాళ్లను నోట్‌బుక్‌లో రాయమంటాను. రాసేదాకా ముందుకు పోను.

అప్పుడు ప్యానెల్. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు ఉచితం. కాంతి పాఠానికి సంబంధించినది ముందే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుంటాను, నెట్ లేకున్నా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. వస్తువును నాభి లోపలికి జరిపితే కిరణాలు అవతల కలవకుండా విడిపోవడం, వాటిని వెనక్కి పొడిగిస్తే ఇవతలి వైపు పెద్ద నిటారు బొమ్మ రావడం కళ్లముందు కనిపిస్తుంది. ఇది పది, పన్నెండు నిమిషాలు. జరిపేది నేను కాదు, పిల్లలే ఒక్కొక్కరు వస్తారు. తర్వాత ప్యానెల్ ఆపేసి పెన్సిలు, స్కేలుతో అదే బొమ్మ గీయాలి. చివరి ఐదు నిమిషాలు, ఇందాక రాసుకున్న జవాబు పక్కనే సరైనది రాసుకుంటారు.

మీ పాఠం ఏదైనా ప్లాన్‌లో ఈ నాలుగు గళ్లు ఉండాలి: స్క్రీన్‌కు ముందు పిల్లలు ఏం చేస్తారు, స్క్రీన్ మీద ఏం చూస్తారు, ఎన్ని నిమిషాలు, తర్వాత చేత్తో ఏం చేస్తారు. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ పాఠాన్ని జాబితాలోంచి తీసేయండి.

కరెంటు సంగతి తేలకుండా తారీఖులు వేయొద్దు

దీన్ని ఎవరూ ప్లాన్‌లో రాయరు. పరికరాలు పాడయ్యేది మాత్రం ఎక్కువగా ఇక్కడే.

ఎర్తింగ్‌తో మొదలుపెట్టండి. చాలా బడుల్లో ఎర్త్ గుంత మీద ఇటుకలు పడి, పిచ్చిమొక్కలు మొలిచి ఉంటుంది. మా ఊరి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయించాం. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టుల దగ్గర ఉండాలి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కూడా దాదాపు అంతే చూపాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు, మూడు వోల్టులకు మించకూడదు. రెండో కొలత బాగా తక్కువ వచ్చిందంటే ఎర్త్ పేరుకే ఉంది. మా దగ్గర అట్లాగే వచ్చింది. "గుంత ఎండిపోయింది టీచరమ్మా, నీళ్లు పోసి ఎన్నేండ్లయిందో" అన్నాడు. గుంత తవ్వించి బొగ్గు, ఉప్పు వేయించి, వైరు బిగించిన చోట తుప్పు గీకించాం. ఇప్పుడు ఎండాకాలంలో వారానికి ఒకసారి రెండు బకెట్ల నీళ్లు పోయడం ఎవరి పనో మా ప్లాన్‌లో రాసి ఉంది.

తర్వాత బోరు మోటారు. అది మొదలైనప్పుడు లైట్లు ఒక్కసారి మసకబారుతున్నాయంటే మీ ప్యానెల్, కంప్యూటర్లు కూడా అదే లైను మీద ఉన్నాయన్నమాట. కంప్యూటర్ గదికి వేరే లైను, వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్) వేయించుకోండి. కనీసం ఆ గది వాడే పీరియడ్లలో మోటారు వేయకుండా టైం పెట్టుకోండి. ప్రతి పరికరం వెనక స్టిక్కర్ మీద వాట్స్ రాసి ఉంటుంది, అన్నీ కలిపి కూడి ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. ఒక డెస్క్‌టాప్‌కు 150 వాట్లు అనుకున్నా పది పెడితే 1500 వాట్లు. ఒక్క ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు ఇవన్నీ తగిలిస్తే అది ప్రమాదం. పిల్లలు తిరిగే గది అది.

ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత కరెంటు ఇస్తామని 2024 సెప్టెంబరు 5న, టీచర్స్ డే రోజు ప్రభుత్వం ప్రకటించింది. బిల్లు టెన్షన్ అట్లా తగ్గినా, లోడు పెరుగుతుంటే ఎన్‌పీడీసీఎల్ (కరెంటు సంస్థ) ఏఈ గారికి ముందే చెప్పి మంజూరైన లోడు ఎంతో చూసుకోవడం మంచిది. ఇక కోతులు. మన జిల్లాల్లో వీటిని లెక్కలోకి తీసుకోని ప్లాన్ ప్లానే కాదు. బయట వేలాడే ప్రతి కేబుల్‌నూ గట్టి పైపులో వేయించండి, కిటికీకి జాలీ కొట్టించండి.

నెట్ రాని రోజుకు ఏర్పాటు

ప్లాన్ అంతా నెట్ లేదనుకునే రాయండి. వస్తే లాభం. కావాల్సిన వీడియోలు, సిమ్యులేషన్లు వారం ముందే దించుకుని, ఒక హార్డ్ డిస్కులో తరగతి, సబ్జెక్టు, పాఠం పేరుతో ఫోల్డర్లు పెట్టుకోండి. పుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌ను దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే వచ్చే పాఠాలను యాప్‌లోనే భద్రపరుచుకోవచ్చు. 2020 సెప్టెంబరు 1 నుంచి కరోనా కాలంలో టీశాట్, దూరదర్శన్ యాదగిరిలో వచ్చిన పాఠాలు చూసిన అలవాటు మన పిల్లల ఇళ్లలో కొంత ఉంది. సబ్జెక్టు టీచర్ పోస్టు ఖాళీగా ఉన్న బడికి టీశాట్ విద్య పాఠాలు నిజంగా ఆసరా. కానీ పూర్తి వీడియో పెట్టి టీచర్ పక్కకు పోతే పిల్లల్లో సగం మంది నిద్రపోతారు. ముందు మీరు చూడండి, ఏ నిమిషంలో ఆపాలో, ఆపి ఏం అడగాలో రాసుకోండి.

టీచర్ సొంత ఫోన్ హాట్‌స్పాట్ మీద బడి నడపొద్దు. ఆ టీచర్ సెలవు పెట్టిన రోజు అంతా ఆగిపోతుంది. పైగా ఆ ఖర్చు వాళ్ల మీద వేయడం న్యాయం కాదు.

ఇంటి దగ్గర ఫోన్ ఎవరి చేతిలో ఉంది?

"మీ ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా?" అని అడిగితే ఎక్కువమంది చేతులెత్తుతారు. ఆ లెక్క నమ్మి వాట్సాప్‌లో హోంవర్క్ పెట్టకండి. తల్లిదండ్రుల సమావేశంలో నేను వేరేగా అడిగాను: సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆ ఫోన్ ఎక్కడ ఉంటుంది? ఒక తల్లి చెప్పింది, "పొద్దుగాల మా ఆయన పట్టుకపోతడు టీచర్, మాపటికి ఎప్పుడొస్తడో అప్పుడే ఫోను." ఇంట్లో ఫోన్ ఉన్నా పిల్లకు లేనట్టే. అందుకే మా ప్లాన్‌లో ఇంటి దగ్గర ఫోన్ ఉంటేనే జరిగే పని ఏదీ లేదు. ఫోన్ దొరికిన పిల్లలకు అదనపు అభ్యాసం ఇస్తాం, దొరకనివాళ్లకు బడి అయ్యాక అరగంట కంప్యూటర్ గది తెరిచి ఉంచుతాం. తండా పిల్లలకు ఆటో టైం ఉంటుంది కాబట్టి వాళ్లకు మధ్యాహ్న భోజనం తర్వాత ఇచ్చాం.

కంప్యూటర్ గదిలో ముందు ఎవరు?

పది కంప్యూటర్లకు నలభై మంది పిల్లలైతే, వారానికోసారి అందరినీ తీసుకెళ్లి చూపించడం కంటే వెనకబడ్డ పిల్లలకు ఎక్కువ టైం ఇవ్వడమే సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. ఢిల్లీలో ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 2019లో అచ్చయింది. తరగతి సిలబస్‌తో పని లేకుండా, ఆ పిల్ల నిజంగా ఏ స్థాయిలో ఉందో అక్కడి నుంచి లెక్కలు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో, దానికి తోడు చిన్న గ్రూపుల్లో బోధనతో, నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టమైన మెరుగుదల కనిపించింది. ఎనిమిదో తరగతిలో ఉండి భాగహారం రాని పిల్లకు ఎనిమిదో తరగతి వీడియో ఎన్నిసార్లు చూపిస్తే ఏం లాభం? ఆ పిల్లకు నాలుగో తరగతి భాగహారం కావాలి, అదీ ఎవరూ నవ్వని చోట. కంప్యూటర్ ముందు ఆ చోటు దొరుకుతుంది.

ఒక నియమం గోడ మీద రాసి అంటించండి: కంప్యూటర్‌కు ఇద్దరు, పదిహేను నిమిషాలకు మౌస్ చేతులు మారాలి. లేకపోతే మగపిల్లలు ముందు కూర్చుంటారు, ఆడపిల్లలు వెనక నిలబడి చూస్తారు. ప్యానెల్ ఆన్ చేయడం, ఆపడం, కేబుళ్లు చుట్టిపెట్టడం చూసే పిల్లల బృందంలో సగం మంది ఆడపిల్లలు ఉండాలి.

మనుషులు, పాస్‌వర్డ్‌లు, డబ్బు

"కంప్యూటర్ సార్" అని ఒకరికే అప్పగించకండి. బదిలీ వస్తే ఆయనతో పాటు పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి. బడి పేరుతో ఒక మెయిల్ తెరిచి, అన్నిటికీ అదే వాడండి. పాస్‌వర్డ్‌లు ఒక కవర్లో రాసి హెచ్‌ఎం బీరువాలో ఉంచండి. గది తాళం చెవి రెండు చోట్ల ఉండాలి. కొత్తగా నేర్చుకునే టీచర్లకు రెండు రోజుల ట్రైనింగ్ కంటే పక్క టీచర్ క్లాసులో వెనక బెంచీ మీద ఒక పీరియడ్ కూర్చోవడం ఎక్కువ పనికొస్తుంది. నెలకు ఒకటి చొప్పున ఆ పీరియడ్లు కూడా టైంటేబుల్లోనే వేసుకోండి. వయసులో పెద్దవాళ్లను పిల్లల ముందు ప్యానెల్ దగ్గర నిలబెట్టి నేర్పొద్దు, నాలుగు గంటల తర్వాత నేర్పండి.

బడుల కోసం ఉన్న కేంద్ర పథకం సమగ్ర శిక్ష కింద వచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది: 30 మంది దాకా 10 వేలు, 31 నుంచి 100 దాకా 25 వేలు, 101 నుంచి 250 దాకా 50 వేలు, 251 నుంచి 1000 దాకా 75 వేలు, ఆపైన లక్ష. ఇందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు పోవాలి. సుద్దముక్కల నుంచి రిపేర్ల దాకా మిగతాదంతా ఇందులోనే. కాబట్టి కొత్త వస్తువు కొనే ఆలోచన ముందు యూపీఎస్ బ్యాటరీ, నెట్ రీఛార్జి, మౌస్‌లు, ఎలక్ట్రీషియన్ కూలీ రాసుకోండి. ఈ లెక్కను బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ముందు చదివి వినిపించండి. ఊళ్లో ఎవరైనా "బడికి ఏమన్నా ఇస్తాం" అని వస్తే ఆ కాగితం చూపించి, ఒక బ్యాటరీ అడగండి.

పిల్లల ఫొటోలు, ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు ఏ ప్రైవేటు యాప్‌లోనూ ఎక్కించకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఏఐ టూల్స్‌ను టీచర్లు ప్రశ్నలు తయారు చేసుకోవడానికి వాడుకోవచ్చు, ప్రతి జవాబునూ పాఠ్యపుస్తకంతో సరిచూశాకే తరగతిలోకి తేవాలి.

తారీఖులు వేయడం

గోడ క్యాలెండర్ ముందు పెట్టుకోండి. జులై నుంచి సెప్టెంబరు చివరి దాకా మంచి సమయం, జాబితాలోని పాఠాల్లో సగానికి పైగా అక్కడే పెట్టండి. బతుకమ్మ, దసరా సెలవుల తర్వాత పత్తి ఏరడం మొదలవుతుంది, పెద్ద తరగతుల పిల్లలు కొందరు రారు. జనవరి, ఫిబ్రవరిలో మిరప కోతలు. మేడారం జాతర ఉన్న ఏడాది ఆ వారం బడి ఖాళీ అవుతుంది. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. ఆ రోజుల్లో కొత్త పాఠం పెట్టకుండా, ముందు రికార్డు చేసినవి, దించుకున్నవి మళ్లీ వాడేట్టు రాసుకోండి. రాని పిల్లలకు అవి తిరిగి వచ్చాక పనికొస్తాయి.

పాఠానికి ముందు ఐదు ప్రశ్నల స్లిప్ టెస్ట్, పాఠం అయిన పది రోజులకు అవే ఐదు ప్రశ్నలు. నోట్‌బుక్‌లో రెండు అంకెలు పక్కపక్కన రాయండి. నెలాఖరు శనివారం అరగంట కూర్చుని చూస్తే ఏ పాఠానికి ప్యానెల్ పనికొచ్చిందో, దేనికి నల్లబల్లే మేలో తెలిసిపోతుంది. పనికిరానిదాన్ని వచ్చే ఏడాది జాబితాలోంచి ఎర్ర సిరాతో కొట్టేయండి.

ఏప్రిల్‌లో బడి మూసే ముందు చేయాల్సినవి కొన్ని మిగులుతాయి. ప్లగ్గులన్నీ పీకేయాలి, స్విచ్ ఆపితే సరిపోదు. పిడుగుల వాన వచ్చేది ఆ నెలల్లోనే. ప్యానెల్ మీద మందపాటి గుడ్డ కప్పాలి, ఎలుకలు రాకుండా గది కన్నాలు పూడ్చాలి. ఎన్నికలకో పరీక్షలకో ఆ గది ఇవ్వాల్సి వస్తే పరికరాల జాబితా రాసి, తీసుకునేవాళ్ల సంతకం పెట్టించుకోవాలి. హార్డ్ డిస్కు ఇంకొక దాంట్లోకి కాపీ చేసి హెచ్‌ఎం బీరువాలో పెట్టాలి. అదే రోజు ఈ ఏడాది ఎస్‌ఏ పేపర్ల కట్టలను కూడా విప్పకుండా పక్కన పెట్టుకుంటే, మే నెలలో మళ్లీ కూర్చోవడానికి కావాల్సింది చేతిలో ఉన్నట్టే.